టై చెక్కలో అన్నయ్య ముడి

మా మనవరాలికి పోయిన నెల రంగూను నడిబొడ్డున చౌక్తడాలో ఒక హోటల్లో ఉద్యోగం వచ్చింది. వచ్చినవాళ్ళకి నవ్వుతూ నమస్కారం పెట్టి గది తాళం చేతికిచ్చే ఉద్యోగమట. దానికోసం వాళ్ళిచ్చిన బట్టల్లో ఒక టై కూడా ఉంది. ఆడపిల్లకి టై ఏమిటని బుగ్గలు నొక్కుకున్నాను గాని, చేతిలోకి తీసుకుని చూద్దును గదా, అది మనకాలపు టై కానే కాదు. ముడి ముందుగానే వేసి కుట్టేసి, వెనక జిప్పు పెట్టారు. మెడలో వేసుకుని జిప్పు పైకి లాగితే అయిపోయింది, కట్టడం నేర్చుకునే పనే లేదు. మొన్న వానలో తడిసి అది కాస్తా ముడతలు పడిపోయింది. ఇస్త్రీ చేద్దామంటే కరెంటు లేదు. బరువైనదేదైనా పైన పెడితే సాపు అవుతుందని మా పిల్ల నా మంచం కిందికి దూరి, వెతికి వెతికి, దుమ్ము కొట్టుకుపోయిన రెండు పొడుగాటి చెక్కల్ని బయటికి లాగింది.

"ఇదేటి మామ్మా? కాలిరిగితే కట్టే చెక్కలా?" అంది.

అది పాడైపోయింది, ముట్టుకోకుండా ఉన్నచోట పెట్టెయ్యమన్నాను, కాస్త గట్టిగానే అన్నాను. పాడవడమూ లేదు, ఏమీ లేదు. ఆ చెక్కల మరలకి ఇంత నూనె చుక్క వేస్తే ఇవాళ్టికీ శుభ్రంగా తిరుగుతాయి. పిల్ల నా మొహంలోకి ఒకసారి చూసి, నలిగిన టైతోనే డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ తరవాత రోజంతా నాకు ఒక్క పనీ తోచలేదు. నేను ఆ మరలు తిప్పి అరవై ఏళ్ళు దాటింది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న మనిషికి కూడా. మన ఈడువాళ్ళు నలుగురూ వింటారని ఇప్పుడు చెబుతున్నాను.

దాన్ని మా ఇంట్లో టై చెక్క అనేవాళ్ళం. రెండు మూరల పొడవుగల టేకు చెక్కలు రెండు. లోపలివైపు ఆకుపచ్చ ఉన్నిగుడ్డ అంటించి ఉంటుంది, నాలుగు మూలలా నాలుగు ఇత్తడి మరలు, తిప్పడానికి వాటికి చిన్న చిన్న రెక్కలు. వీటికి తోడు టై ఆకారంలోనే కోసిన పల్చటి పలకలు అరడజను. నలిగిన టైకి మరిగే నీళ్ళ ఆవిరి చూపించి, వెనక కుట్టు సందులోంచి పలకని లోపలికి తోసి, రెండు చెక్కల మధ్యా పడుకోబెట్టి మరలు బిగించేస్తే, మర్నాటికి ఆ టై కొట్లోంచి అప్పుడే తెచ్చినట్టు తయారయ్యేది. ఇస్త్రీపెట్టె తగిలితే పట్టు మీద మెరుపు మచ్చలు పడతాయి, అంచులు అణిగిపోతాయి. ఈ చెక్కతో ఆ బాధ లేదు. మా నాన్న పనిచేసే ఆఫీసులోని దొర తన దేశం వెళ్ళిపోతూ దాన్ని నాన్న చేతిలో పెట్టి వెళ్ళాడట. నాన్న దాన్ని భుజాన వేసుకుని ఇంటికి తెస్తే, అదేమిటో తెలియని మా అమ్మ, పొడుగాటి ఎండుచేపలు వంకర పోకుండా ఉండడానికి బాగుంటుందని వాటిని రెండు రోజులు అందులో బిగించి పెట్టింది. ఆ మరుసటి ఆదివారం చర్చిలో నాన్న పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కులు ఎగబీల్చారని, ఆ కథ మా ఇంట్లో చాలాకాలం నడిచింది.

మేము అప్పుడు ఈ ఊళ్ళోనే అహ్లోన్‌లో ఉండేవాళ్ళం, రేవుకి దగ్గరగా. ఊరిని ఇప్పుడు యాంగోన్ అంటున్నారు గాని మా నోటికి అది రంగూనే. మా తాత విశాఖపట్నం అవతలి పల్లె నుంచి ఓడెక్కి వచ్చి, అక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినవాడు. మోసీ మోసీ ఆయన మెడ వెనక పిడికెడు కాయ కాసింది. చొక్కా కాలరు దాని మీద కూర్చునేది కాదు. ఆ మెడని చూస్తూ పెరిగిన మా నాన్న, నాలుగక్షరాలు నేర్చి గుమాస్తా అయ్యాక, ఆదివారం చర్చికి టై కట్టకుండా గడప దాటేవాడు కాదు. వారమంతా అందరిలాగే లుంగీ. ఆదివారం కూడా లుంగీయే, కాని దాని మీద కోటు, కోటులో టై. ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారేమో. మా వీధిలో తెలుగు బాప్టిస్టుల ఇళ్ళు పదిహేను ఉండేవి, అన్ని ఇళ్ళల్లోనూ మగవాళ్ళది అదే వేషం. అందరి టైలూ శనివారం మధ్యాహ్నానికి మా ఇంటికి చేరేవి.

ఆ టైల పని నాది. నాకు అప్పుడు పదకొండేళ్ళు. నాన్న నాకు నేర్పిన మొదటి నియమం, టైని ముడితో ఉంచకూడదని. ముడి విప్పకుండా తగిలించేస్తే పట్టు అక్కడే విరిగిపోయి టై చచ్చిపోతుందనేవాడు. అందుకని వచ్చిన టైలలో ఎవరైనా బద్ధకించి ముడి వదిలేసి ఉంటే, గోళ్ళతో మెల్లగా విప్పి, ఆవిరి పట్టి, పలక దూర్చి, మరలు బిగించడం నా వంతు. నాలుగు మరలనీ సమానంగా బిగించాలి, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే టై వంకర తిరుగుతుంది. ఆదివారం పొద్దున్నే చెక్క విప్పి ఎవరి టై వాళ్ళింట్లో ఇచ్చి వచ్చేదాన్ని. పెద్దవాళ్ళు నన్ను మెచ్చుకునేవారు, నేను మహా గర్వపడేదాన్ని.

ముడి విప్పకుండా వదిలేసేవాళ్ళలో మొదటివాడు మా అన్నయ్యే. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నది అవతల తన్లిన్‌లో పనికి కుదిరాడు, తెల్లవారకుండానే లేచి పడవెక్కి పోయేవాడు. మా అన్నయ్యది పుర్రచెయ్యి వాటం. అన్నం ఒక్కటీ కుడిచేత్తో తినేవాడు గాని తక్కిన పనులన్నీ ఎడమచేత్తోనే. టై కట్టడం కూడా అంతే. అందరి ముడీ ఒకవైపు తిరిగితే వాడి ముడి ఇంకోవైపు తిరిగేది, కుడి భుజం వైపు కొద్దిగా ఒరిగి ఉండేది. నాన్న ఎన్నిసార్లు సరిచేసినా వాడు మళ్ళీ అలాగే కట్టేవాడు. చర్చి నుంచి రాగానే ముడి విప్పకుండా వదులు చేసి తలమీదుగా తీసేసి, గోడకున్న మేకుకి తగిలించేవాడు. నేరేడుపండు రంగు పట్టు టై అది. నేను విప్పబోతే, ఒలే ఉండనీవే, వచ్చే ఆదివారం మల్లీ కట్టుకోవాల గదా, అని నా జడ లాగేవాడు.

ఒక వానాకాలం సోమవారం పొద్దున్న వాడు ఎప్పటిలాగే వెళ్ళాడు. నది మధ్యలో గాలివాన వచ్చి ఆ పడవ తిరగబడింది. చాలామంది ఈది ఒడ్డు చేరారు, కొందరి శరీరాలు దొరికాయి, ముగ్గురు దొరకలేదు. ఆ ముగ్గురిలో మా అన్నయ్య ఒకడు. నాన్న సెలవు పెట్టి నది పొడుగునా కిందికి, సముద్రం మొగ దాకా, ఊరూరూ తిరిగి అడిగి వచ్చాడు. ఎక్కడో ఒక ముసలి పడవవాడు, ఎవరో కుర్రవాణ్ణి జాలర్లు నీళ్ళలోంచి పైకి లాగారని విన్నానన్నాడట. ఏ జాలర్లో, ఏ ఊరో చెప్పలేకపోయాడు. నాన్న దాన్ని పెద్దగా నమ్మలేదు. అమ్మ మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఇరవై రోజులయ్యాక పాస్టరు అయ్యగారు వచ్చి, ఆదరణ కూడిక పెట్టుకుందామని నెమ్మదిగా అన్నారు. మాలో పోయినవాళ్ళ పేరు చెప్పి చేసే ప్రార్థన అది, అది అయిపోతే మనిషి పోయినట్టే. అమ్మ ఒప్పుకోలేదు. "ఆడు పోనాడని సూసినోల్లెవరండీ? కిస్మసుకి వచ్చీస్తాడు, సూడండి" అంది. అయ్యగారు తల వంచుకుని వెళ్ళిపోయారు. అప్పటినుంచి అమ్మ రోజూ అన్నయ్యకి కంచం పెట్టేది, అందులో అన్నం వడ్డించేది, అందరం తిన్నాక ఆ అన్నం తను తినేది. ఇంట్లో ఎవరూ వాడి గురించి జరిగిపోయినట్టు మాట్లాడకూడదు. వాడు తింటాడు, వాడికి ఇష్టం అనాలి గాని, తినేవాడు, ఇష్టంగా ఉండేది అనకూడదు. పదకొండేళ్ళ పిల్లకి అది కష్టమేమీ కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ వాడు ఎక్కడో ఉన్నాడనే ఉండేది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి తలుపు తోస్తే, ఒక్క క్షణం ముందు ఎవరో లేచి వెళ్ళినట్టు ఆ గదిలో అనిపించేది. భయం వేసేది కాదు. బాగానే ఉండేది.

మేకుకి టై అలాగే వేలాడుతూ ఉంది. అమ్మ పొద్దున్నే ఇల్లు ఊడ్చాక దాని ముందు ఆగి, ముడి కింద నాలుగు వేళ్ళు పెట్టి, పిల్లవాడి గడ్డం పట్టుకున్నట్టు ఒకసారి పైకెత్తి వదిలేది. ముడి విప్పకుండా ఇన్నాళ్ళు ఉంటే టై పాడైపోతుందని బెంగ పడుతోంది కాబోలు అనుకున్నాను నేను. నాన్న చెప్పిన నియమం నా బుర్రలో అంత గట్టిగా నాటుకుని ఉంది.

క్రిస్మసు దగ్గర పడింది. అన్నయ్య సంగతి జరిగినప్పటినుంచి మొహమాటపడి మా ఇంటికి టైలు పంపడం మానేసినవాళ్ళు, పండగ ముందు శనివారం ఒక్కొక్కరే మళ్ళీ పంపారు. నేను ఎసరుగిన్నె పొయ్యి మీద పెట్టి, వచ్చిన టైలన్నీ వరసగా పేర్చి, గోడవైపు చూశాను. పండక్కి వచ్చేస్తాడని అమ్మ రోజూ అంటోంది. వచ్చి వాడు ఆ నలిగిన టై కట్టుకుంటాడా? అమ్మ చూసి ఎంత సంతోషిస్తుంది! అమ్మ బజారుకి వెళ్ళింది, నాన్న ఆఫీసులో ఉన్నాడు. ముక్కాలిపీట ఎక్కి టై దించాను. ముడి బిగిసిపోయి ఉంది. చాలాసేపు పట్టింది. పళ్ళతో కూడా లాగాను. పట్టులో ఇంకా వాడి జుట్టు నూనె వాసన వస్తోంది. చివరికి అది వదులై నా చేతిలోకి జారిపోయింది. ఆవిరి పట్టాను, మంచి పలక ఏరి దూర్చాను, అన్నయ్యది గదా అని అందరి టైల కంటే పైన పెట్టి, నాలుగు మరలూ ఎప్పటికంటే గట్టిగా బిగించాను. అంత మనసు పెట్టి ఆ పని నేను ముందెన్నడూ చేయలేదు.

ఆ సాయంత్రం మేకు ఖాళీగా ఉండడం అమ్మ చూడలేదంటే, నేనే దానికి నా సంచీ తగిలించి కప్పిపెట్టాను. పొద్దున్న చూపించి ఆశ్చర్యపరుద్దామని.

ఆదివారం తెల్లవారగానే చెక్క విప్పి, ఆ టైని రెండు చేతుల మీదా పరుచుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్కడా ఒక్క ముడత లేదు, కొత్త టై. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి, దానివైపు చూసింది, తరవాత గోడవైపు చూసింది.

"ఆడి ముడేదే?" అంది.

విప్పేశానని చెప్పాను. అమ్మ టై తీసుకెళ్ళి నాన్న చేతికిచ్చి, మల్లీ కట్టీయండి, ఆడు కట్టినట్టు కట్టీయండి, అంది. నాన్న అద్దం ముందు నిలబడి కట్టాడు. "ఇది కాదు" అంది అమ్మ. నాన్న విప్పి, ఈసారి ఎడమచేత్తో కట్టడానికి చూశాడు. ఇది కాదు. అద్దానికి వీపు పెట్టి కట్టాడు. నన్ను ఎదురుగా నిలబెట్టి నా మెడలో కట్టి చూశాడు. ముడి ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, పెద్దదయింది, చిన్నదయింది. చర్చి మొదటి గంట కొట్టారు. అయినా ఆయన మానలేదు, అమ్మ మానమనలేదు. ప్రతిసారీ ఆ రెండు మాటలే, గొంతు పెంచకుండా. రెండో గంట కొట్టేసరికి నాన్న నా మెడలోంచి టై తీసి, మంచం మీద కూలబడి, "నాకు రాదే. ఆడి సెయ్యి నాకు రాదు" అని ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే. పడవ తిరగబడిన రోజున కూడా ఆయన ఏడవలేదు.

అమ్మ వంటింట్లోకి వెళ్ళి, అన్నయ్య కంచం తీసి కడిగి, అటక మీద బోర్లించింది. ముగ్గురం చర్చికి వెళ్ళాం. నాన్న మెడలో టై లేకుండా వెళ్ళిన ఆదివారం నాకు తెలిసి అదొక్కటే. అమ్మ సరాసరి అయ్యగారి దగ్గరికి నడిచి, "పార్దన సేసీయండి" అంది. పండగ పాటలు పాడడానికి వచ్చినవాళ్ళందరూ ఆ రోజు మా అన్నయ్య కోసం కూర్చున్నారు. మా వీధి మగవాళ్ళ మెడల్లో ఆ రోజు పెట్టె అడుగునుంచి తీసిన నలిగిన పాత టైలే ఉన్నాయి, నేను వాళ్ళవి ఇవ్వడం మరిచిపోయాను.

నది వాణ్ణి తీసుకుపోయింది గాని మా ఇంట్లో వాణ్ణి చంపింది నేనే. ఇది పెద్దయ్యాక అల్లుకున్న మాట కాదు, ఆ ప్రార్థనలో అమ్మ పక్కన కూర్చున్నప్పుడే నాకు తెలిసింది. ఎవరైనా ఒక దెబ్బ వేసి ఉంటే తేలికపడేదాన్నేమో. ఎవరూ వేయలేదు. నాన్న మాత్రం ఆ తరవాత ఎవరు టై తెచ్చినా, మరలు అరిగిపోయాయని చెప్పి పంపేసేవాడు. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. ఆపైన చాలామంది ఓడలెక్కి ఇండియాకి వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళు టైలు కట్టడం తగ్గించేశారు. మేము ఎక్కడికీ పోలేదు. వాడు ఉన్న నీళ్ళని వదిలి రానని అమ్మ అంది.

ఇంట్లో మధ్యాహ్నం ఎవరో లేచి వెళ్ళినట్టుండేదని చెప్పాను గదా, అది మళ్ళీ రాలేదు. దానికి బదులు ఇంకొకటి వచ్చింది. మరుసటి ఏడు వానాకాలం, గోడలు చెమ్మ పట్టి ఉప్పు కూడా నీరైపోయే రోజుల్లో, అమ్మ పెట్టె తెరిచి టై బయటికి తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని నన్ను పిలిచింది. చెక్క బిగించి తుడిచేసిన చోట, పట్టులో ఏటవాలుగా ఒక గీత, దాని పక్కన ఇంకొకటి, సన్నగా తేలి కనిపిస్తున్నాయి. చెమ్మ తగిలితే పట్టు తన పాత మడతల్ని బయటపెడుతుందని ఇప్పుడైతే చెప్పగలను. అప్పుడు మాత్రం రెండడుగులు వెనక్కి వేశాను.

"సూడు, ఆడొచ్చేడు" అంది అమ్మ.

ఏటేటా వానలకి వచ్చేవాడు. అమ్మ గీతల మీద వేలు పెట్టి, ఇది ఇటు తిరిగి ఇలా కిందికి పోయేది అని నాకు చూపించేది. నేను సరిగ్గా చూసేదాన్ని కాదు, చూడాలంటే భయం. ఒకసారి నాన్న, పాపం, టై బాగా ముడత పడిందని మళ్ళీ చెక్కలో పెట్టబోతే, అమ్మ దాన్ని లాక్కుని గుండెలకి ఆనించుకుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గీతలు పల్చబడ్డాయి. నాన్న పోయేనాటికి ఒకటే మిగిలింది. అమ్మ చివరి వానాకాలంలో కిటికీ దగ్గర చాలాసేపు పట్టుకుని చూసి, నన్ను పిలవకుండానే మడిచి పెట్టెలో పెట్టేసింది.

అమ్మ ఎండాకాలంలో పోయింది. తనతోపాటు ఆ టై పెట్టమని ముందే చెప్పి ఉంచింది, ఎలా పెట్టాలో మాత్రం చెప్పలేదు. బయట అందరూ తొందరపెడుతుంటే, నేను తలుపు దగ్గరికి వేసుకుని, శవపేటిక పక్కన పీట మీద కూర్చుని టై మోకాలి మీద పరుచుకున్నాను. సాపుగా ఉంది. ఒక్క గీత లేదు. అలా సాపుగా పెట్టడానికి నా చేతులు రాలేదు. అమ్మ వేలు ఎటు నడిచేదో గుర్తు తెచ్చుకుంటూ ఎడమచేత్తో కట్టాను. జారిపోయింది. మళ్ళీ కట్టాను. మూడోసారికి ఒక చిన్న ముడి పడింది, కుడివైపు ఒరిగి. దాన్ని అమ్మ వేళ్ళ కింద పెట్టి, ఇది కాదు అన్న ఆ రెండు మాటల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎంతసేపని, బయటివాళ్ళు తలుపు తోసేదాకా.

ఇప్పుడు తన్లిన్‌కి వంతెన ఉంది. బస్సులో కూర్చుంటే కునుకు పట్టేలోపు అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. మా పదిహేను ఇళ్ళల్లో ఇప్పుడు మూడే మిగిలాయి, అందులో టై కట్టడం తెలిసిన మగవాడు ఒక్కడూ లేడు. అప్పుడప్పుడు మధ్యాహ్నం వేళ ఒక రిబ్బనో, చీర అంచు ముక్కో తీసుకుని, ఎడమచేత్తో ఆ ముడి వేస్తూ కూర్చుంటాను. ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఏది వచ్చినా ఫరవాలేదు, ఇదే మా అన్నయ్య ముడి అని నేనంటే, ఇది కాదు అనే మనిషి ఇంక ఈ రంగూనులో లేదు.